వేట లేని రెండు నెలలు: తెప్ప పని, కుక్క పని



చలిదేశాల్లో సొంత పడవ ఉన్నవాళ్లకు వేసవి వస్తోందంటే సంబరం. శీతకాలమంతా పట్టా కప్పి ఒడ్డున ఉంచిన పడవను ఏప్రిల్‌లో బయటికి తీస్తారు. గీకి, కడిగి, రంగు వేసి నీళ్లలోకి దింపుతారు. ఇంట్లో కుక్క ఉంటే దానికీ నీళ్లలో తేలే చొక్కా ఒకటి తొడిగి, వెంటబెట్టుకుని విహారానికి బయల్దేరతారు.

మన దగ్గర ఈ లెక్క తలకిందులు. వాళ్లు పడవను దింపే రోజుల్లోనే మనం పైకి లాగుతాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరపడవలకూ, ఇంజను బిగించిన తెప్పలకూ వేట నిషేధం. ఒకప్పుడు ఇది 47 రోజులే, మే నెలాఖరుతో అయిపోయేది. 2015 నుంచి 61 అయింది. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ రెండు నెలలూ సముద్రాన్ని దాని మానాన వదిలేయాలి. తెడ్డుతో, తెరచాపతో నడిచే తెప్పకు ఈ నిషేధం లేదు. కానీ ఇంజను లేకుండా వేటకు పోయే తెప్పలు మన ఊళ్లలో ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

అంచేత మన శ్రీకాకుళం తీరంలో భావనపాడు నుంచి నువ్వలరేవు, మంచినీళ్లపేట మీదుగా బారువ దాకా వేసవిలో ఇసుక మీద వరసగా పడవలే. వాటి నీడన కుక్కలు. ఈ రెంటి గురించే నేనివాళ మాట్లాడేది. నేను పశువైద్యశాలలో పనిచేసి రిటైరైనవాణ్ని. కుక్కల సంగతి ఉద్యోగంలో తెలిసింది. పడవల సంగతి ఒడ్డున కూచుని, పనిచేసేవాళ్లను అడిగి అడిగి విసిగించి తెలుసుకున్నది.

వేట లేదంటే పడవకు సెలవని చాలామంది అనుకుంటారు. నా లెక్కలో పడవ పాడయ్యేది ఎక్కువగా ఈ సెలవుల్లోనే. కుక్క అయినా అంతే. పని ఉన్నన్నాళ్లూ రోజూ నలుగురి చెయ్యి పడుతుంది, తేడా వస్తే ఆ పూటే కనబడుతుంది. ఒడ్డున పడున్నప్పుడు ఎవరూ చూడరు. జూన్ మొదటి వారంలో హడావిడిగా వచ్చి ఒక డబ్బా రంగు పూసి, పసుపు కుంకుమ పెట్టి, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టేస్తే పడవ సిద్ధమైపోయినట్టే అనుకుంటాం. రంగు కింద ఏముందో గంగమ్మకు తెలుస్తుంది, మొదటి కెరటానికి మనకూ తెలుస్తుంది.

మా వైపు ఒక పెద్దాయన ఉండేవాడు. తెప్ప బాగుచేయాలంటే ముందు ఏం చూడాలని అడిగితే, "రంగు ఎప్పుడైనా ఎయ్యొచ్చు బాబూ, ముందు బరువు సూడాల" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత ఆయనే విడమరిచాడు. ఇప్పటి ఫైబర్ తెప్పకు లోపల బోలు గదులుంటాయి. మునిగిపోకుండా వాటిలో థర్మోకోల్ కుక్కుతారు. అడుగున వెంట్రుక వాసి పగులు వచ్చినా చాలు, నీరు లోపలికి చేరి అక్కడే ఉండిపోతుంది. పైకి ఏమీ కనపడదు. తెప్ప తేలుతూనే ఉంటుంది, చేపా పడుతూనే ఉంటుంది. కానీ కిందటేడు నలుగురు లాగిన తెప్పకు ఈ ఏడు ఆరుగురు కావాల్సి వస్తుంది. ఇంజను కొత్తదైనా లాగదు, నూనె ఎక్కువ తాగుతుంది. ఇంజను మేస్త్రీని తిట్టుకుంటూ రెండేళ్లు గడిపేసినవాళ్లున్నారు.

దానికి మందు ఓపికే. తెప్పను ఒక పక్కకు ఒరిగించి, అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోట చిన్న రంధ్రం వేసి, నీరు పూర్తిగా ఓడిపోయేదాకా రోజుల తరబడి అలాగే వదిలేయాలి. వేట నిషేధం మొదలైన వారంలోనే ఈ పని చేస్తే ఆరడానికి నెలన్నర దొరుకుతుంది. జూన్‌లో చేస్తే ఆ తడి లోపలే ఉండగా పైన అతుకు వేస్తాం. అది నిలవదు.

తర్వాత అడుగు చూడాలి. మనకు జెట్టీలు తక్కువ. కెరటం మీద నుంచి నేరుగా ఇసుకలోకి ఎక్కించి లాగడమే. ఏడాది పొడుగునా ఆ ఇసుక గరుకు కాగితంలా అడుగును అరగదీస్తుంది. చాకు పిడితో అడుగంతా తట్టుకుంటూ పొండి. గట్టి చోట టకటకమంటుంది. పొర విడిపోయిన చోట చప్పుడు మందంగా, చచ్చినట్టు వస్తుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టుకోండి.

ఇలా ఇసుక మీదికి ఎక్కే పడవల కోసం ఒకప్పుడు పెద్ద ప్రయత్నమే జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో బంగాళాఖాత కార్యక్రమమని ఒకటి మొదలుపెట్టింది. మద్రాసు కేంద్రంగా పనిచేసిన ఆ కార్యక్రమంలో, కెరటాలు దాటి ఒడ్డుకెక్కే ఫైబర్ పడవలను తయారుచేసి మన తూర్పు తీరంలో పరీక్షించారు. అంతకు ముందు మనకు ముఖ్యంగా ఉన్నవి రెండు. ఒకటి, దుంగలను తాళ్లతో కట్టిన తెప్ప. రెండోది, మేకు కొట్టకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టిన పడవ. బారువ, కళింగపట్నం ఓడరేవులుగా వెలిగిన రోజుల్లో ఓడ దూరాన లంగరు వేసేది, సరుకూ మనుషులూ ఈ కుట్టు పడవల్లోనే ఒడ్డు చేరేవారు. మేకులు కొట్టిన బిగుతు పడవ కెరటం దెబ్బకు పగిలితే, కుట్టు పడవ వంగి తప్పుకునేది.

మూడు రకాలకూ వేసవి మూడు రకాలుగా ఉంటుంది. దుంగల తెప్పకు ఎండ మంచిది. కట్లు విప్పి, దుంగల్ని విడివిడిగా ఆరబెడితే తాగిన నీరు పోయి తేలికవుతాయి. పలకల కర్ర పడవకు ఎండే శత్రువు. పలకలు ఎండి ముడుచుకుంటే సందులు పడతాయి. అందుకే దాన్ని కొబ్బరి కమ్మలతో కప్పి, అప్పుడప్పుడు తడుపుతూ ఉండాలి. ఫైబర్‌కు ఎండ పైపైనే నష్టం చేస్తుంది, దాని అసలు శత్రువు లోపల చేరిన నీరు. ఎవరి పడవ పక్కనో మన పడవ పెట్టుకుని, వాడు చేసిందే మనమూ చేస్తే కుదరదు.

కర్ర పడవ మాట వచ్చాక, జీడికి పేరున్న పలాసను తలుచుకోకపోతే ఎలా? జీడిపప్పు మన నోటికి, జీడిపిక్క పైతొక్కలో ఉండే నల్లటి నూనె పడవకు. కర్రకు చెద, పురుగు పట్టకుండా ఆ నూనె పూయడం పశ్చిమ తీరంలోనూ, మన దగ్గరా పాతకాలపు అలవాటు. వలలకూ పట్టించేవారు. పురుగును చంపే ఆ ఘాటే చర్మాన్నీ కాలుస్తుంది. జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టే ఆడవాళ్ల చేతులు చూస్తే తెలుస్తుంది. పూసేటప్పుడు చేతికి రబ్బరు తొడుగులుండాలి. ఆ పడవ పూర్తిగా ఆరేదాకా కుక్కను దాని కిందికి పోనివ్వకూడదు. ఒంటికి అంటితే అది నాకుతుంది, నాలుకా పెదాలూ పుళ్లు పడతాయి.

కుక్క మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మన ఒడ్డు కుక్కకు ఇల్లంటే పడవ కింద ఉండే నీడే. పిల్లలు పెట్టేదీ అక్కడే. మనం బాగుచేసే పడవ దాని నట్టిల్లు. మనం ముఖానికి తువ్వాలు చుట్టుకుని గ్రైండరు పెడితే లేచే గాజు పొడి దాని కంట్లో, ముక్కులో పడుతుంది. ఫైబర్ అంటే గాజు నారే కదా. కళ్లు ఎర్రబడి, ఒళ్లు గోక్కుంటూ వచ్చిన కుక్కకు గజ్జి మందు రాసి లాభం లేదు. మంచినీళ్లతో కడగాలి.

అతుకు వేసే పని గురించి రెండు జాగ్రత్తలు. ఒకటి, ఉప్పు పోయేలా ఆ చోటును మంచినీళ్లతో కడిగి, బాగా ఆరాకే రెజిన్ పెట్టాలి. ఉప్పు మీద వేసిన అతుకు ఊడుతుంది. తెల్లవారుజామునే మొదలుపెడితే మేలు. మే నెల ఎండలో పదింటికల్లా రెజిన్ డబ్బాలోనే గడ్డకడుతుంది, హార్డ్‌నర్ తగ్గించుకోవాలి. రెండోది, ఇది ప్రాణాల మీదికి తెచ్చేది: రెజిన్‌లో కలిపే హార్డ్‌నర్‌నూ, కోబాల్టు యాక్సిలరేటర్‌నూ ఎప్పుడూ ఒకదాంట్లో ఒకటి నేరుగా కలపకూడదు. భగ్గుమంటుంది, పేలుతుంది కూడా. ముందు ఒకటి రెజిన్‌లో పూర్తిగా కలిసిన తర్వాతే రెండోది. ఖాళీ డబ్బాలు ఇసుకలో పారేయకండి. వాటిలో వాననీరు నిలుస్తుంది, కుక్క తాగుతుంది.

ఎండలో పనిచేసేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. ఉద్దానం వాళ్లకు నీళ్ల గురించి, మూత్రపిండాల గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇక్కడ ఇంత మందికి ఈ కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో, దానికి ఫలానాది ఒక్కటే కారణమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, ఉద్దానానికి కుళాయి నీళ్ల పథకం ప్రారంభమయ్యాయి. కారణం ఏదైనా, ఒంట్లో నీరింకిపోయేలా ఎండలో చాకిరీ చేసి, సాయంత్రం ఒళ్లు నొప్పులకు మాత్ర మింగడం మాత్రం కిడ్నీకి మంచిది కాదని డాక్టర్లందరూ ఒకే మాట చెబుతున్నారు. తెప్ప గీకేవాళ్లు నీళ్ల చెంబు పక్కన పెట్టుకోండి. ఆ నొప్పి మాత్ర కుక్కకు అసలే వేయకండి. కుంటుతోందని జాలిపడి మనిషి మాత్రలో సగం విరిచి అన్నంలో కలిపి పెట్టేవాళ్లను చాలామందిని చూశాను. మనకు నొప్పి తగ్గించేవి కుక్క కడుపులో పుండ్లు పెడతాయి, దాని కాలేయాన్నీ కిడ్నీలనూ కూడా దెబ్బతీస్తాయి.

ఇంకో సంగతి. వేట ఆగితే మనకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2025 ఏప్రిల్‌లో బుడగట్లపాలెంలో దాన్ని పది వేల నుంచి ఇరవై వేలు చేశారు. కుక్కకు ఎవరిస్తారు? ఏడాదంతా ఒడ్డున వల దులిపినప్పుడు రాలిన చిన్న చేపలే దాని తిండి. ఏప్రిల్ 15 తెల్లారేసరికి అది ఆగిపోతుంది. పది నెలలు మేపి ఒక్కరోజులో మానేస్తాం. ఆకలేసిన కుక్క కోళ్ల మీద పడుతుంది, చిన్నపిల్లల చేతిలో బిస్కెట్టుకు ఎగబడుతుంది. అప్పుడు దాన్ని పిచ్చిదని రాళ్లేసి కొడతాం.

తాబేలు గూళ్ల మీద పడేదీ అప్పుడే. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గూట్లో వంద పైచిలుకు గుడ్లు. పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అంటే ఆలస్యంగా పెట్టిన గూళ్లలో పిల్లలు బయటికొచ్చేది కుక్కల తిండి ఆగిన రోజుల్లోనే. అటవీ శాఖ వాళ్లు గుడ్లు ఏరి కంచె వేసి కాపాడుతున్నారు, కానీ అన్ని గూళ్లూ వాళ్ల కంటపడవు. వన్యప్రాణి చట్టంలో పులికి ఎంత రక్షణ ఉందో ఈ తాబేలుకూ అంతే ఉంది. కుక్కకు ఆ చట్టం చదివి వినిపించలేం. చెయ్యగలిగింది ఒక్కటే: చీకటి పడకముందే ఇంత గంజన్నం పెట్టి, రాత్రి కట్టేయడం. ఒక్కో పడవ వాళ్లు ఒక్కో కుక్కను చూసుకున్నా చాలు. ఇది దయాధర్మమని నేను అనడం లేదు. పది నెలలు మన వలలకు కాపలా కాసిన జీతం బాకీ ఉన్నాం.

ఒడ్డు కుక్కకు వచ్చే ప్రమాదాల్లో నేను ఎక్కువ చూసింది గాలం. ఎర వాసనకు గాలాన్ని దారంతో సహా మింగేస్తుంది. నోట్లోంచి దారం వేలాడుతుంటే లాగబుద్ధి వేస్తుంది. లాగొద్దు. గాలానికి వెనక్కి తిరిగిన ముల్లుంటుంది, లాగితే గొంతూ పేగూ చీరుతుంది. దారాన్ని కొంచెం వదిలి కత్తిరించి, ఆసుపత్రికి తీసుకురండి. పెదానికో కాలికో గుచ్చుకుంటే మాత్రం ముల్లు కొనను చర్మం నుంచి ముందుకు బయటికి తోసి, కట్టరుతో తుంచి, మిగతాది వెనక్కి తీయాలి. మీరు వేట పనిలో మీ చేతికి చేసుకునేదే, కానీ మీరు కరవరు, అది కరుస్తుంది. ముందు మూతి కట్టండి. వలలోంచి బంతిలా ఉబ్బిన చేపను తీసి ఒడ్డున పారేయడం కూడా మానాలి. దాని విషానికి కుక్క గంటల్లో పోతుంది.

ఇప్పుడు విహారం సంగతి. చదువుకుని విశాఖలోనో హైదరాబాదులోనో ఉంటున్న పిల్లలు వేసవి సెలవులకు వస్తారు. గుజరాత్‌లోని వెరావల్ వేటకు పోయినవాళ్లు కూడా ఇంచుమించు అప్పుడే ఇళ్లకు చేరతారు. తెప్ప ఖాళీగా ఉంది, కుక్క ఉంది, ఒక తిప్పు తిరిగొద్దామంటారు. సముద్రంలోకి వద్దు. ఇంజనుంటే నిషేధం ఎలాగూ ఉంది. ఇంజను లేకపోయినా కెరటాలు విరిగే చోట కుక్కను తెప్ప మీద ఎక్కించడం తెలివితక్కువ పని. తెప్ప లేచిన క్షణంలో అది బెదిరి ఒక పక్కకు దూకుతుంది, బరువు ఆ పక్కకే పోతుంది. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఉప్పుటేరులో అయితే, తెడ్డుతో, మోకాలి లోతు దాటకుండా, ఒడ్డు వెంబడి పోవచ్చు. నౌపడ ఉప్పు మళ్ల పక్కన పొద్దుటిపూట ఆ నీళ్లలో కదలడం బాగుంటుంది, కాదనను. తేలినీలాపురం పక్షులు అప్పటికి చాలావరకు వెళ్లిపోయి ఉంటాయి. ఇంకా పిల్లలతో ఉన్న పెలికాన్లు కనబడితే మాత్రం కుక్కతో ఆ దగ్గరికి పోవద్దు. ముందు రోజే కుక్కను ఒడ్డున ఆగి ఉన్న తెప్ప మీద కూచోబెట్టి అలవాటు చేయండి. అడుగున తడి గోనెపట్టా పరవండి, ఫైబర్ మీద దాని పాదాలు జారతాయి, ఎండకు కాలతాయి కూడా. మెడకు తాడు కట్టి తెప్పకు ముడేయకండి. తెప్ప బోల్తాపడితే కుక్క దాని కిందే ఉండిపోతుంది. చొక్కా దొరక్కపోతే ఛాతీ చుట్టూ మెత్తటి గుడ్డ పట్టీ వేసి, వీపు మీద చెయ్యి పట్టేలా ఒక పిడి కుట్టండి. పడితే పైకి లాగడానికి పనికొస్తుంది. దానికి వేరే సీసాలో మంచినీళ్లు తీసుకెళ్లండి. దాహానికి ఉప్పునీరు తాగితే వాంతులు, విరేచనాలు, ఎక్కువ తాగితే మూర్ఛ వస్తాయి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పడమే అది ఒళ్లు చల్లబరచుకునే దారి. రొప్పు ఆగకుండా, చిగుళ్లు ఎర్రగా మారితే వెంటనే నీడకు చేర్చి, పొట్టా పాదాలూ నీళ్లతో తడపండి. తిరిగొచ్చాక మంచినీళ్లు పోసి కడగండి. చెవుల వెనక, వేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో చూడండి. వేసవిలో వాటి వల్ల వచ్చే జ్వరంతోనే చాలా కుక్కలు చిక్కిపోతాయి.

మళ్లీ తెప్ప దగ్గరికి వద్దాం. జూన్ రెండో వారానికి అతుకులన్నీ గట్టిపడి ఉండాలి. ఇంజనులో గేరు ఆయిలు తెల్లగా పాలలా ఉంటే నీరు చేరినట్టు, సీలు మార్చాలి. తెడ్డు ఒకటి అదనంగా ఉంచుకోండి. రంగు వేసేటప్పుడు రిజిస్ట్రేషను నంబరు కనబడేలా మళ్లీ రాయండి, దేవుడి బొమ్మ కింద పడి సగం మాసిపోతే తీరంలో తనిఖీ చేసేవాళ్లు ఆపుతారు. వాతావరణ వార్తలు వినకుండా దింపకండి. 2019 మే మొదట్లో ఫణి తుపాను మన పక్క నుంచే పూరీ వైపు పోయింది. తిత్లీ 2018 అక్టోబరు 11న మన వజ్రపుకొత్తూరు దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి ఒడ్డున కట్టి ఉన్న తెప్పలు ఎక్కడ తేలాయో చూసినవాళ్లు మీలోనే ఉన్నారు. అందుకే ఒడ్డున ఉన్న రెండు నెలల్లోనూ తెప్ప తాడు గుంజకే ఉండాలి. మే నెలలో సముద్రం ఒక్కోసారి ఏ గాలీ లేకుండానే ఉబ్బి ఒడ్డెక్కుతుంది.

తెప్పను నీళ్లలోకి తోసే ముందు ఒక్కసారి వంగి కింద చూడండి. రెండు నెలల్లో అక్కడ ఏ కుక్కయినా ఈని ఉండొచ్చు. పిల్లలుంటే తల్లి చూస్తుండగానే గంపలో పెట్టి పక్క పడవ నీడకు మార్చండి, వెంట వస్తుంది. మూడు నెలలు నిండిన పిల్లకు రేబిస్ టీకా వేయించాలి, తర్వాత ఏటా ఒకసారి. జులై 6 ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల రోజు. 1885లో అదే రోజున పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఆ టీకా ఇచ్చాడు. ఆ రోజున మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా వేస్తారు. అప్పటికి మీరు వేటలో ఉంటారు కాబట్టి ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచండి. పొద్దున్నే రమ్మనండి, ఎండెక్కితే కుక్కలు లైన్లో కొట్లాడుకుంటాయి. గొలుసు లేకపోతే పాత వల తాడైనా సరే.